మందుల సంచి కుమ్మరించి చూడండి: రోజూ వాడే గోలీలతో తీసుకోవలసిన జాగ్రత్తలు

వరంగల్ చుట్టుపక్కల జిల్లాల్లో నడివయసు దాటిన మనిషి ఉన్న దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక మందుల సంచి ఉంటుంది. పల్లె దవాఖానలో నెలనెలా ఇచ్చే బీపీ, షుగరు గోలీలు, హనుమకొండలో పెద్ద డాక్టరు రాసిన గుండె గోలీలు, మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు, నిరుడు జ్వరానికి తెచ్చి సగంలో ఆపేసిన యాంటీబయాటిక్ షీటు, అన్నీ ఆ ఒక్క సంచిలోనే చేరతాయి. విడివిడిగా చూస్తే వీటిలో దాదాపు ప్రతి మందూ మేలు చేసేదే. మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా కూర్చుని రోజంతా ఈ సంచులను చూసే నాకు అర్థమైనంతలో, హాని ఎక్కువగా జరుగుతున్నది ఒక చీటీ రాసిన వైద్యుడికి రెండో చీటీ సంగతి తెలియకపోవడం వల్ల, ఆ రెండూ వాడే మనిషి ఎవరినీ అడగకపోవడం వల్ల. ఆ రెండు చీటీలను ఒకచోటికి తెచ్చే పని ఇంట్లోవాళ్లే చేయగలరు. దానికి వైద్యం చదివి ఉండనక్కరలేదు.

ముందుగా అసలు పేరు చదవండి

ఒక తీరిక పూట ఇంట్లో ఉన్న మందులన్నింటినీ చాప మీద కుమ్మరించండి. ప్రతి షీటు మీద రెండు పేర్లు ఉంటాయి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కిందనో వెనుకవైపునో చిన్న అక్షరాల్లో ఉన్నది అసలు మందు పేరు, దాని పక్కనే ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. మీరు చదవవలసింది ఈ చిన్న అక్షరాలను. పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా, చూపు ఆనకపోయినా, బడికి వెళ్లే మనుమరాలు ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చదివి పెట్టగలదు.

పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన పొద్దున లేవగానే కండ్లు తిరుగుతున్నాయని, బలానికి టానిక్ ఇవ్వమని మా దుకాణానికి వచ్చారు. సంచి చూపించమని అడిగితే అందులో ప్రభుత్వ దవాఖాన వాళ్లు ఇచ్చిన టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాముల షీటు ఉన్నది, దానితోపాటు ప్రైవేటు డాక్టరు రాసిన టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన షీటు కూడా ఉన్నది. ఆయన రెండూ పొద్దున్నే వేసుకుంటున్నారు. "బాపూ, ఈ రెండింట్ల ఒకటే మందు ఉన్నది" అంటే, "అట్లెట్లయితది బిడ్డా, ఒకటి తెల్లగున్నది, ఒకటి ఎర్రగున్నది గదా" అన్నారు. ఆయన్ను కూర్చోబెట్టి బీపీ చూసి, డాక్టరుకు ఫోను చేస్తే, ఒకటి ఆపమని ఆయనే చెప్పారు. ఆ పెద్దాయనకు కావలసింది టానిక్ కాదు. రంగు, ఆకారం, ధర చూసి మందును గుర్తుపట్టే అలవాటు మనలో చాలామందికి ఉన్నది, ఒకే మందును పది కంపెనీలు పది రంగుల్లో తయారుచేసే చోట ఆ అలవాటు పనికిరాదు.

ఇలా రెండుసార్లు పడేవి ముఖ్యంగా కొన్ని ఉన్నాయి. కలిపి చేసిన షుగరు గోలీలో మెట్‌ఫార్మిన్ ఉన్నా విడిగా మరో మెట్‌ఫార్మిన్ వేసుకోవడం, రెండు చీటీల్లోనూ కడుపులో మంటకు వేసే పాంటాప్రజోల్ ఉండటం, జ్వరం గోలీలో, జలుబు గోలీలో, నొప్పి గోలీలో మూడింటిలోనూ పారాసిటమాల్ ఉండటం మేము తరచూ చూస్తాం.

పేర్లు చదివాక ఒక కాగితం మీద రాసుకోండి. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిన్నాకనా తినకముందా, ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఇంతవరకు చాలు. ఎందుకు వేసుకుంటున్నారో ఇంట్లో ఎవరూ చెప్పలేని గోలీ ఏదైనా ఉంటే, తరువాతిసారి వైద్యుడి దగ్గర ముందుగా దాని గురించే అడగాలి. జనం మందుల కింద లెక్కపెట్టని వాటిని కూడా ఆ కాగితం మీదికి ఎక్కించండి: కంటి చుక్కలు, ఆస్తమా పంపు, నాటు మందు, ఆయుర్వేద లేహ్యం, చర్మానికి రాసే ట్యూబు, నిద్ర గోలీ. గ్లాకోమాకు, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకు, వేసే టిమోలాల్ కంటి చుక్కలు ఒంట్లోకి చేరి ఆస్తమాను రేపగలవు, కాబట్టి చుక్కలే కదా అనుకోకూడదు. ఏ మందు పడక దద్దుర్లు వచ్చాయో, మూత్రపిండాల పరీక్షలో క్రియాటినిన్ ఎంత వచ్చిందో కాగితం పైభాగంలో ఎర్ర సిరాతో రాయండి. ఆ కాగితం ఫొటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉండాలి.

ఏ ఇబ్బందికి ఎంత తొందరపడాలి

మందు వేసుకున్నాక కలిగే ప్రతి ఇబ్బందీ ప్రమాదం కాదు, అలాగని ప్రతిదీ ఓర్చుకోవలసినదీ కాదు. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొత్తలో కడుపులో వికారం, విరేచనాలు, ఐరన్ గోలీతో మలం నల్లగా రావడం, టీబీ మందుల్లోని రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులోకి మారడం ముందే తెలిసిన సంగతులు. వీటికి భయపడి మందు మానవలసిన పనిలేదు.

కాళ్లు పొంగడం, తెరలు తెరలుగా పొడి దగ్గు, కండరాల నొప్పి, నిలబడగానే కండ్లు తిరగడం వంటివి ఉంటే ఒకటి రెండు రోజుల్లో వైద్యుడికి చెప్పాలి, అంతవరకు మందును సొంతంగా ఆపకూడదు. మూడో రకం వేరు. పెదవులు, నాలుక, కనురెప్పలు ఉబ్బడం, ఊపిరి ఆడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లతో పాటు నోట్లో, కళ్లలో పుండ్లు పడటం, చర్మం పొక్కులై ఊడటం, తారులాగా జిగటగా వాసనతో కూడిన నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కళ్లు పచ్చబడటం, మనిషి మాట తడబడి మగతలోకి జారడం, వీటిలో ఏది కనిపించినా తరువాతి గోలీ వేయకుండా 108కి ఫోను చేసి దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ సంచిని కూడా తీసుకువెళ్లండి. వరంగల్ ఎంజీఎం అత్యవసర విభాగంలోనైనా మరెక్కడైనా, డ్యూటీ డాక్టరు మొదట అడిగేది ఏ మందులు వాడుతున్నారని. ఎర్రగోలీ, తెల్లగోలీ అని చెబితే ఆయన చేయగలిగింది చాలా తక్కువ.

నొప్పి గోలీలు: అందరికన్నా ముందు ఆడవాళ్లు చదవవలసిన భాగం

మిర్చి ఏరే రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో పొద్దంతా వంగి పనిచేసే ఆడవాళ్లు నడుము నొప్పికి కిరాణా కొట్టులోనో మెడికల్ షాపులోనో గోలీ కొనుక్కుని, అది వేసుకుంటేనే మరునాడు కైకిలికి పోగలుగుతున్నారు. ఈ గోలీలో సాధారణంగా డైక్లోఫెనాక్ గాని, అసెక్లోఫెనాక్ గాని, ఐబుప్రొఫెన్ గాని ఉంటుంది. రెండు మూడు రోజులు తిన్నాక వేసుకుని ఆపేస్తే ఆరోగ్యవంతులకు పెద్ద చిక్కు ఉండదు. నెలల తరబడి వేసుకుంటే కడుపు పొర పుండై రక్తం కారవచ్చు, బీపీ పెరగవచ్చు, మూత్రపిండాలు మెల్లగా దెబ్బతినవచ్చు. మూత్రపిండం దెబ్బతింటున్నప్పుడు చాలాకాలం నొప్పి ఉండదు, మూత్రం తగ్గదు, ఏమీ తెలియదు. అందుకే నొప్పి గోలీ మామూలుగా వేసుకునే ప్రతివారూ బీపీ చూపించుకోవాలని, ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి బీపీ గోలీతో పాటు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే గోలీ (నీటి గోలీ) కూడా వాడేవారు మూడోదిగా ఈ నొప్పి గోలీ వేసుకుంటే మూత్రపిండాల మీద మూడు వైపుల నుంచి ఒత్తిడి పడుతుంది. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసిన రోజున, విరేచనాలైన రోజున ఇది ఇంకా ప్రమాదకరం. రక్తం పలచబడే మందులు వాడేవారు, గుండె బలహీనంగా ఉన్నవారు, ఇంతకు ముందు కడుపులో పుండు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ఈ గోలీలను ముట్టుకోకూడదు. వానాకాలంలో వరంగల్ వైపు డెంగీ జ్వరాలు వస్తాయి, కాబట్టి ఆ రోజుల్లో జ్వరానికి, ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, పిరుదుకు నొప్పి సూది కూడా వేయించుకోవద్దు, ప్లేట్‌లెట్లు తగ్గిన ఒంట్లో రక్తస్రావానికి అవి దారితీస్తాయి. ఆ జ్వరానికి పారాసిటమాలే మేలు.

పారాసిటమాల్‌కు కూడా హద్దు ఉన్నది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠ పరిమితి, అంటే 500 మిల్లీగ్రాముల గోలీలు ఎనిమిది, 650వి అయితే ఆరు. మోతాదుకు మోతాదుకు మధ్య కనీసం 4 నుంచి 6 గంటల ఎడం ఉండాలి. రోజూ తాగేవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, బక్కపలచని ముసలివారికి ఈ పరిమితి ఇంకా తక్కువ, ఎంతన్నది వైద్యుడే చెప్పాలి. అసెక్లోఫెనాక్ గోలీ అని మీరనుకునేదానిలో చాలాసార్లు పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు కలిసి ఉంటుంది, జలుబు గోలీలో కూడా ఉంటుంది, అవన్నీ కూడితే హద్దు దాటిపోవచ్చు. ఎక్కువ మోతాదు పడినప్పుడు మొదటి రోజు వికారం తప్ప ఏమీ కనిపించకపోవచ్చు, కాలేయం దెబ్బ తరువాత బయటపడుతుంది. దానికి విరుగుడు మందు ఉన్నది, అది మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. ఎవరైనా కోపంలోనో, తెలియకో గుప్పెడు గోలీలు మింగితే బాగానే ఉన్నారు కదా అని ఇంట్లో కూర్చోబెట్టకుండా వెంటనే తీసుకువెళ్లాలి.

షుగరు మందులు

షుగరు మందుల్లో ఏది తక్కువ చక్కెరకు దారితీస్తుందో, ఏది తీయదో ఇంట్లోవారికి తెలిసి ఉండాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర బాగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్ వాడేవారికి మాత్రం అన్నం ఆలస్యమైనా, ఎక్కువ పనిచేసినా చక్కెర పడిపోతుంది. శివరాత్రి, తొలి ఏకాదశి ఉపవాసాలకు, రంజాన్ ఉపవాసాలకు ముందే వైద్యుడిని కలిసి మోతాదు, వేళలు మార్పించుకోవాలి. పొద్దున గోలీ వేసుకుని, తినకుండా గుడికి పోయి వరుసలో నిలబడటం ప్రమాదకరం.

చేతులు వణకడం, చల్లటి చెమటలు, గుండెదడ, విపరీతమైన ఆకలి, చిరాకు, మాట తేడా, ఇవి చక్కెర పడిపోతున్న గుర్తులు. మీటరు ఉంటే చూడండి, 70 కంటే తక్కువ ఉంటే వెంటనే సుమారు 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తరువాత మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి, తేరుకున్నాక అన్నం పెట్టండి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది, దీన్ని చాలామందికి ఎవరూ చెప్పడం లేదు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో వోగ్లిబోస్ కలిపిన గోలీలను మన దగ్గర బాగా రాస్తారు. వోగ్లిబోస్ మామూలు పంచదార పేగులో అరగడాన్ని ఆలస్యం చేస్తుంది, కాబట్టి అది వాడే మనిషికి పంచదార గాని, బెల్లం గాని, చాక్లెట్ గాని పెడితే అనుకున్నంత త్వరగా చక్కెర పెరగదు. గ్లూకోజ్ పొడే కావాలి. మెడికల్ షాపులో దొరికే చిన్న డబ్బా ఒకటి ఇంట్లో, ఒకటి బయటికి పోయేటప్పుడు వెంట ఉంచండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, గొంతులోకి పోయి ఊపిరి ఆగుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108ని పిలవాలి. గోలీల వల్ల చక్కెర పడిపోయిన ముసలివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఒకసారి తేరుకున్నా గంటల తరువాత మళ్లీ పడిపోవచ్చు, ఆ రాత్రి వారిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రిలో చూపించాలి.

ఇన్సులిన్ విషయంలో సిరంజి సరిచూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్‌లో ఎక్కువభాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత ఉన్న 40 సిరంజి వాడతారు. పెన్నులో వచ్చేది సాధారణంగా మిల్లీలీటరుకు 100 యూనిట్లది, 100 యూనిట్ల సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజితో అదే గీత వరకు లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ పడుతుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని కొన్నప్పుడల్లా చూడండి, అమ్మేవారిని కూడా చూడమనండి.

మెట్‌ఫార్మిన్ ఏళ్లపాటు వాడితే విటమిన్ బి12 తగ్గవచ్చు. అరికాళ్లు తిమ్మిర్లెక్కితే అది షుగరు వల్లే అని వదిలేయకుండా బి12 పరీక్ష అడగండి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి గోలీలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి కాబట్టి మూత్రం పోసే చోట దురద, బూజు రావచ్చు. సిగ్గుపడి దాచుకోకుండా చెబితే చిన్న మందుతో తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి వాడే టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, నీటి గోలీలు తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. అదే రోజు వైద్యుడికి ఫోను చేసి అడగండి. ఇన్సులిన్‌ను మాత్రం తినలేదన్న కారణంతో పూర్తిగా మానేయకూడదు. శస్త్రచికిత్స నిర్ణయమైతే డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్న సంగతి ముందే చెప్పాలి, దాన్ని సాధారణంగా 3 రోజుల ముందు ఆపిస్తారు.

బీపీ, గుండె గోలీలు

ఆమ్లోడిపిన్‌తో కాళ్లు పొంగవచ్చు. అది గుండెదీ కిడ్నీదీ కాదని వైద్యుడు తేల్చాక, మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు. ఆ పొంగుకు ఇంకొకరి దగ్గర నీటి గోలీ రాయించుకోవడం మంచిది కాదు. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు, దాని ఇబ్బందికి మరొకటి, సంచి ఇలాగే బరువెక్కుతుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవారికి వారాలు, నెలల తరువాత కూడా పొడి దగ్గు రావచ్చు, దానికి దగ్గు మందులు తాగీ తాగీ విసిగినవారు ఎందరో మా దుకాణానికి వస్తారు. గోలీ మారిస్తే ఆ దగ్గు కొన్ని వారాల్లో పోతుంది.

అటెనలాల్, మెటోప్రొలాల్ గోలీలను ఒక్కసారిగా ఆపితే గుండెనొప్పి తిరగబెట్టవచ్చు, బీపీ ఎగబాకవచ్చు. అవి చక్కెర పడిపోయినప్పటి గుండెదడను, వణుకును కప్పిపెడతాయి, చెమటలు మాత్రం పడతాయి, కాబట్టి షుగరు కూడా ఉన్నవారు చెమటనే గుర్తుగా పెట్టుకోవాలి. స్టెంట్ వేయించుకున్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ గోలీలను పన్ను పీకించుకోవడానికి కూడా సొంతంగా ఆపకూడదు, ముందు గుండె డాక్టరును అడగాలి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ గోలీ వాడేవారు మగతనం కోసం వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ గోలీలు వేసుకుంటే బీపీ ప్రాణాపాయం వరకు పడిపోతుంది. ఈ రెండో రకం గోలీ సంగతి మగవారు భార్యకు కూడా చెప్పరు, కనీసం ఆసుపత్రిలో వైద్యుడికి తప్పక చెప్పాలి.

టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడేవారికి, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనంగా ఉంటే, ఒంట్లో పొటాషియం పెరిగే ప్రమాదం ఉన్నది. బీపీకి మంచిదని కొనే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, కొబ్బరినీళ్లలోనూ ఉంటుంది. వాటిని రోజూ తీసుకునేముందు అడగండి. కొలెస్ట్రాల్‌కు రాసే అటోర్వాస్టాటిన్‌తో ఒళ్లంతా కండరాలు నొప్పులు పుట్టి మూత్రం కాఫీ రంగులో వస్తే ఆ రోజే చూపించుకోవాలి.

యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు

షీటు మీద ఎర్ర గీత ఉంటే అది వైద్యుడి చీటీ లేకుండా వాడకూడని మందు. మిగిలిపోయిన యాంటీబయాటిక్‌ను పక్కింటివాళ్ల జ్వరానికి ఇవ్వడం మేలు కాదు, వారికి ఆ మందు పడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతో గాని, కాల్షియం, ఐరన్ గోలీలతో గాని కలిపి వేసుకుంటే అది ఒంటికి పట్టదు, వాటికి 2 గంటల ముందుగానో 6 గంటల తరువాతో వేసుకోవాలి. మడమ వెనుక నరంలో నొప్పి పుడితే దాన్ని ఆపి వైద్యుడికి చెప్పాలి. డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంటైనా పడుకోకుండా ఉండాలి, లేకుంటే ఆహారనాళంలో పుండు పడుతుంది. అది వాడే రోజుల్లో పొలంలో ఎండకు చర్మం త్వరగా మాడుతుంది, తలకు, చేతులకు బట్ట చుట్టుకోవాలి. మెట్రోనిడజోల్ వాడేటప్పుడూ, ఆపిన 3 రోజుల వరకూ మద్యం, కల్లు తాగకూడదు.

టీబీ మందులు వాడేవారికి ఆకలి చచ్చిపోయి, వాంతులై, కళ్లు పచ్చబడితే అది కాలేయం మీది ప్రభావం. రంగులు తేడాగా కనిపించినా, చూపు మసకబారినా ఇథాంబుటాల్ కారణం కావచ్చు. రెంటికీ ఆ రోజే వెళ్లాలి. రిఫాంపిసిన్ వల్ల కుటుంబ నియంత్రణ గోలీలు సరిగా పనిచేయవు, పెళ్లైన ఆడవారికి ఈ మాట ముందే చెప్పాలి.

స్టెరాయిడ్లు, వారానికొక గోలీ

పేరులేని పొట్లంలోని గోలీతో ఏళ్ల కీళ్లనొప్పి ఒక్క పూటలో మాయమైతే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ సరైన జబ్బుకు సరైన మోతాదులో ప్రాణం నిలబెట్టే మందులు. తెలియకుండా నెలల తరబడి మింగితే ముఖం ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, ఇన్‌ఫెక్షన్లు త్వరగా పట్టుకుంటాయి. మూడు వారాలకు మించి వాడినవారు భయపడి ఒక్కసారిగా ఆపితే కూడా ప్రమాదమే, ఎందుకంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి. పేరు చెప్పకుండా, షీటు చూపించకుండా ఇచ్చే గోలీని తీసుకోవద్దని మాత్రం ఖచ్చితంగా చెబుతాను. తామరకు, ముఖం తెల్లబడటానికి రాసే కొన్ని ట్యూబుల్లో క్లోబెటాసోల్ వంటి బలమైన స్టెరాయిడ్ ఉంటుంది, తామర పైకి తగ్గినట్టే కనిపించి ఒళ్లంతా పాకుతుంది.

కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒకే రోజు వేసుకునే మందు. రోజూ వేసుకుంటే చనిపోయే ప్రమాదం ఉన్నది. దానితో రాసే ఫోలిక్ ఆసిడ్ గోలీ కూడా చాలాసార్లు అలాగే చిన్నగా, పసుపుగా ఉంటుంది. రెండింటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టి, మెథోట్రెక్సేట్ డబ్బా మీద అది వేసుకునే రోజు పేరు తెలుగులో పెద్దగా రాయండి.

కల్లు, నిద్ర గోలీలు

ఆల్ప్రాజోలామ్ వంటి నిద్ర గోలీలు ఏ మద్యంతో కలిసినా ఊపిరిని అణచివేస్తాయి. మన రాష్ట్రంలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలామ్, డయాజిపామ్ కలిపినట్టు ఎన్నోసార్లు పట్టుబడింది. అలాంటి కల్లుకు అలవాటుపడిన మనిషి ఆసుపత్రిలో చేరి ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, పిచ్చిచూపులు చూడవచ్చు. రోజూ కల్లు తాగే అలవాటును వైద్యుడి దగ్గర దాచకండి, ఆయన అడిగేది తిట్టడానికి కాదు. జలుబుకు వేసే క్లోర్‌ఫెనిరమైన్, కొంతవరకు సెటిరిజిన్ కూడా మత్తు తెస్తాయి. సింగరేణిలో రాత్రి షిఫ్టుకు పోయేవారు, ఆటో, ట్రాక్టరు నడిపేవారు వాటిని పని దిగి ఇంటికి చేరాకే వేసుకోవాలి.

పిల్లలు, గర్భిణులు

పిల్లల జ్వరం మందును వయసు చూసి కాదు, బరువు చూసి ఇవ్వాలి. పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 10 కిలోల పిల్లవాడికి 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 4 నుంచి 6 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 2 నుంచి 3 మిల్లీలీటర్లే, మిల్లీలీటరుకు 100 ఉన్న చుక్కల మందైతే ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీలీటర్లే. పాత సీసా అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు ఈ అంకె మారిందేమో చూడకుండా పాత కొలతే పోయడం వల్ల మోతాదు రెట్టింపవుతుంది. వంటింటి చెంచా వాడకండి, సీసాతో వచ్చే కొలత మూత వాడండి. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు కేంద్ర ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరిత రసాయనం కలిసిన దగ్గు సిరప్ వల్ల పిల్లలు చనిపోయిన తరువాత, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ మళ్లీ చెప్పింది. ఆ వయసు పిల్లల దగ్గుకు సిరప్ అడిగితే నేను ఇవ్వను, పిల్లల డాక్టరుకు చూపించమంటాను.

టెల్మిసార్టాన్, రామిప్రిల్, అటోర్వాస్టాటిన్, మెథోట్రెక్సేట్, ఫిట్స్‌కు వాడే వాల్ప్రోయేట్, ఇవి వాడే ఆడవారు గర్భం ధరించాలనుకున్నప్పుడే వైద్యుడికి చెప్పి మార్పించుకోవాలి. నెల తప్పిన తరువాత తెలిస్తే అదే రోజు వెళ్లాలి, ఫిట్స్ మందును మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఎండాకాలం, నిల్వ

రామగుండం, భూపాలపల్లి వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. రేకుల ఇంట్లో అటక మీద, బండి డిక్కీలో ఉంచిన మందులు పాడవుతాయి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అర తగలకుండా ఉంచాలి. వాడుకలో ఉన్నదాన్ని సుమారు నాలుగు వారాల వరకు చల్లటి నీడలో ఉంచవచ్చు. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, ఇన్సులిన్‌ను పొడి డబ్బాలో పెట్టి దానిలో ఉంచవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు. షీటు కోసి కొన్ని గోలీలే కొంటే పేరు, గడువు తేదీ ఉన్న వైపు మీ చేతికి వచ్చేలా కోయమని అడగండి. థైరాయిడ్ గోలీని పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు చాయ్ కూడా తాగకూడదు, కాల్షియం, ఐరన్ గోలీలకు దానితో 4 గంటల ఎడం ఉండాలి.

దుష్ప్రభావాన్ని తెలియజేయడం

మందు వల్ల ఇబ్బంది కలిగిందని అనుమానం వస్తే చాలు, రుజువు చేయవలసిన పని మీది కాదు. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఇలాంటి సమాచారాన్ని సేకరిస్తుంది. పనిదినాల్లో 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, రోగులు స్వయంగా నింపే ఫారం తెలుగులోనూ ఉన్నది. నకిలీదేమో, కల్తీదేమో అనిపించిన మందు గురించి రాష్ట్ర ఔషధ నియంత్రణ సంస్థకు 1800-599-6969 నంబరులో చెప్పవచ్చు. ఈ రెంటికీ షీటు మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ, కొన్న బిల్లు కావాలి, కాబట్టి ఇబ్బంది కలిగించిన మందు ఖాళీ షీటునైనా పారేయకుండా బిల్లుతో కలిపి ఒక కవరులో పెట్టి, ఏ రోజు మొదలుపెట్టారో, ఏ రోజు ఏం జరిగిందో దాని మీద రాసి ఉంచండి.